మన పళ్ళెంలో పప్పు ఎంత?



భోజనానికి ముందు తిండి గురించి మాట్లాడమని మమ్మల్ని నిలబెట్టారు. అవతల గిన్నెల మూతలు తీస్తున్న చప్పుడు మీకూ వినబడుతోంది, మాకూ వినబడుతోంది. అయినా కాసేపు ఓర్చుకోండి. ఒక సంగతి చెప్పి మొదలుపెడతాం. ఇది మాకు చెప్పడానికి సులువైన సంగతి కాదు.

నాలుగేళ్ళ కిందట మేము వెళ్ళే ఒక సంఘంలో ఒక అన్న సాక్ష్యం చెప్పాడు. పన్నెండేళ్ళుగా షుగర్ మాత్రలు వేసుకున్నాననీ, ఉపవాస ప్రార్థన తర్వాత అవన్నీ మానేశాననీ, ఇప్పుడు హాయిగా ఉన్నాననీ చెప్పాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మేమూ కొట్టాం. మాలో ఒకరు నర్సు. కూటం అయ్యాక పక్కకు పిలిచి "అన్నా, మాత్రలు ఆపాక రక్తం పరీక్ష చేయించుకున్నావా" అని అడగాల్సిన మనిషి ఆ రోజు నోరు విప్పలేదు. విశ్వాసం లేనిదానివని అంటారేమోనని భయం. ఏడాదిన్నర తర్వాత ఆయన కాలి బొటనవేలికి చిన్న దెబ్బ తగిలింది. అది మానలేదు. మొదట వేలు తీశారు, తర్వాత సగం పాదం తీశారు. ఆయన లారీ డ్రైవరు. ఇప్పుడు ఆయన భార్య మూడిళ్ళలో పనికి వెళ్తోంది. కొడుకు పీయూసీ మధ్యలో ఆపేసి డెలివరీ బండి తోలుతున్నాడు.

ఆ అన్న ప్రార్థనను మేము తప్పు పట్టడం లేదు. మా మౌనాన్నే తప్పు పట్టుకుంటున్నాం. ఈ రోజు మేము చెప్పబోయేదంతా ఆ రోజు చెప్పాల్సింది.

మనలో ఎంతమందికి ఈ జబ్బు ఉంది? భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేసిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప మీద నిలబడి ఉన్నారు. పెద్దవాళ్ళలో వందకు 35 మందికి పైగా బీపీ ఉంది, వందకు 39 మందికి పైగా పొట్ట చుట్టూ కొవ్వు ఉంది. రాష్ట్రాల వారీగా చూస్తే మధుమేహంలో గోవా, పుదుచ్చేరి దాదాపు సమానంగా అందరికంటే పైన ఉన్నాయి. పెద్దవాళ్ళలో వందకు 26 మంది! యానాం నుంచి వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. యానాం లెక్క విడిగా చెప్పలేదు లెండి. అలాగని ఊపిరి పీల్చుకోవడానికీ లేదు.

ఇదంతా డబ్బున్నవాళ్ళ జబ్బని మన పెద్దలు అనేవారు. ఒకప్పుడు ఆ మాట కొంత నిజం. ఇప్పుడు కాదు. మన కథ కొంచెం గుర్తు చేసుకుంటే ఎందుకో తెలుస్తుంది.

మన తాతలు పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. కొందరు కోలారు బంగారు గనుల్లోకి దిగారు. కొందరు బెంగళూరు, మద్రాసు వీధులు ఊడ్చారు. కొందరు షోలాపూరు మగ్గాల మీద కూర్చున్నారు, కొందరు ముంబైలో ఇటుకలు మోశారు. గంజాం, కోరాపుట్ వైపు మనవాళ్ళయితే ఎక్కడికీ రాలేదు, 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు సరిహద్దే వాళ్ళ ఇంటి దగ్గరికి వచ్చింది. వాళ్ళందరూ ఏం తిన్నారు? రాగి సంగటి, జొన్న రొట్టె, ఉలవల చారు, దొరికిన ఆకుకూర, పండక్కో పబ్బానికో మాంసం, నది దగ్గర ఉంటే చేప. తెల్లన్నం అంటే పండగ. ఎనిమిది, పది గంటలు ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకు ఎంత సంగటి తిన్నా అరిగిపోయేది.

పని మారింది. గనులు 2001లో మూతబడ్డాయి. మగ్గానికి మోటారు వచ్చింది. మనవడు ఆటోలోనో, సెక్యూరిటీ కుర్చీలోనో, కంప్యూటర్ ముందో కూర్చున్నాడు. తిండి కూడా మారింది, అయితే ఒక్క వైపుకే మారింది. తాతలకు కలగా ఉన్న తెల్లన్నం మనకు మూడు పూటలా వచ్చింది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, మధ్యలో చక్కెర వేసిన టీ నాలుగు సార్లు, బిస్కట్లు. సంగటి పక్కన ఉన్న ఉలవలు మాత్రం పోయాయి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. రేషన్ బియ్యాన్ని మేము తిట్టడం లేదు. ఆకలి అంటే ఏమిటో తెలిసిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. 2013 ఆహార భద్రత చట్టం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కుగా ఇచ్చింది. అది ఎందరి పోరాటమో. కానీ ఆ చట్టంలో ధాన్యం ఉంది, పప్పు లేదు. తమిళనాడు తన ఖర్చుతో కార్డుకు కిలో కందిపప్పు 30 రూపాయలకు ఇస్తోంది. మిగిలిన చోట్ల ఎందుకు ఇవ్వకూడదని మనం అడిగామా? గుడికి రోడ్డు అడుగుతాం, శ్మశానానికి స్థలం అడుగుతాం, కులధ్రువీకరణ పత్రాల కోసం ఏళ్ళ తరబడి తిరుగుతాం. అన్నీ అడగాల్సినవే. వాటి పక్కన పప్పు కూడా అడగాలి.

ఇప్పుడు ఒంట్లో జరిగేదేమిటో చూద్దాం. మేము దీన్ని ఇంటి భాషలోనే చెప్తాం.

మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. ఆ చక్కెరను ఎక్కువగా తీసుకుని దాచుకునే గాదె మన కండరాలు. ఇన్సులిన్ ఆ గాదె తలుపు తీసే కాపలాదారు. కండ ఎక్కువగా ఉంటే గాదె పెద్దది. రోజూ నడిచి, పనిచేసి కండను వాడుతుంటే గాదె రోజూ కొంత ఖాళీ అవుతుంది, కొత్త సరుకుకు చోటు ఉంటుంది. కండ తక్కువై, కదలిక లేకపోతే గాదె నిండిపోయి తలుపు బిగుసుకుంటుంది. ఇంకా ఇంకా ఇన్సులిన్ వస్తే తప్ప తెరుచుకోదు. మిగిలిన చక్కెరను కాలేయం కొవ్వుగా మారుస్తుంది. కొంత అక్కడే పేరుకుంటుంది, కొంత రక్తంలో ట్రైగ్లిజరైడ్లుగా తిరుగుతుంది. పొట్ట పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. ఇవి నాలుగు వేరు వేరు జబ్బులని అనుకుని నాలుగు సీసాల మాత్రలు తెచ్చుకుంటాం. చాలా మందిలో వాటి వేరు ఒకటే.

"మేము లావుగా లేం కదా" అని కొందరు నవ్వుతున్నారు. పూణేలో యాజ్ఞిక్ అనే డాక్టరు, లండన్‌లో యుడ్కిన్ అనే డాక్టరు, ఇద్దరూ స్నేహితులు. 2004లో లాన్సెట్ పత్రికలో వాళ్ళిద్దరి ఫొటో వచ్చింది. ఎత్తు బరువుల లెక్క, అంటే బీఎంఐ, ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ ఆయనకు 9.1 శాతం, మన పూణే ఆయనకు 21.2 శాతం. చూడటానికి ఇద్దరూ సన్ననే. మన దేశపు ఒళ్ళు సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు దాచుకుంటుంది. అందుకే మనకు గీతలు కిందికి గీశారు. బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ప్యాంటు సైజు చెప్పకండి, మగవాళ్ళంతా బెల్టు పొట్ట కిందికి కట్టి 34 అంటారు. టేపు బొడ్డు దగ్గర పెట్టి కొలవాలి.

ఇంకో మాట. లావుగా ఉన్నవాళ్ళను చూసి తిండిపోతులని నవ్వే అలవాటు మన కూటాల్లో కూడా ఉంది. వేదిక మీద నుంచి జోకులు వేస్తారు. ఒక చెల్లెలు ఆ నవ్వులకు భయపడి రెండేళ్ళు యువజన కూటాలకు రాలేదు. ఇది మాకు తర్వాత తెలిసింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు తిండి చాలకపోవడం, రాత్రి డ్యూటీలు, నిద్ర లేకపోవడం, కొన్ని మందులు, ఇంట్లో వంశపారంపర్యం, ఇవన్నీ బరువు వెనక ఉంటాయి. నవ్వితే ఎవరి నడుమూ తగ్గదు.

ఇక పప్పు దగ్గరికి వద్దాం. 2024 మే నెలలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ భారతీయులకు కొత్త ఆహార సూచనలు ఇచ్చింది. ఈ సంస్థ 1918లో నీలగిరుల్లోని కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్ చేరింది. మనలాగే వలస వచ్చిందన్నమాట. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలని అది చెప్పింది. ఇవన్నీ వండకముందు తూకాలు. మొత్తం శక్తిలో ధాన్యం వాటా 45 శాతం మించకూడదని చెప్పింది. మన దగ్గర అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోంది.

ఇల్లిల్లూ తిరిగినప్పుడు మేము ఒక పని చేశాం. వంటింట్లో పప్పు డబ్బా తీయమని, నలుగురి సాంబారుకు ఎంత వేస్తారో చేత్తో చూపించమని అడిగాం. ఎక్కువ ఇళ్ళలో ఒక చిన్న టీ గ్లాసు కూడా లేదు. అంటే మనిషికి పూటకు 20 గ్రాములు. అదీ చింతపండు నీళ్ళలో ఈత కొడుతూ ఉంటుంది. సాంబారు తిన్నాం కాబట్టి పప్పు తిన్నామని అనుకుంటాం.

లెక్క వేద్దాం. 60 కిలోలు ఉండాల్సిన మనిషికి రోజుకు దాదాపు 50 గ్రాముల ప్రోటీన్ కావాలి. మీరు 80 కిలోలు ఉన్నా లెక్క మీ ఎత్తుకు తగిన బరువు మీదే వేసుకోండి. రోజుకు 350 గ్రాముల బియ్యం వండుకు తింటే అందులో 26 గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది. ఆ 20 గ్రాముల పప్పులో నాలుగున్నర. రెండు టీల్లోని పాలలో మూడు, నాలుగు. మొత్తం 35 దాటదు. మిగిలిన 15 గ్రాములు అప్పు. కండ ఆ అప్పు తీరుస్తూ కరుగుతుంది, గాదె చిన్నదవుతుంది. పైగా ప్రోటీన్ తక్కువైన భోజనం కడుపు నింపినా నిలవదు. నాలుగింటికి మళ్ళీ బజ్జీల బండి దగ్గర నిలబెడుతుంది.

ఇప్పుడు బియ్యం 200 గ్రాములకు తగ్గించండి. పప్పు 60 గ్రాములకు పెంచండి. సాయంత్రం బజ్జీ బదులు గుప్పెడు నానబెట్టి ఉడికించిన శనగలు, పొద్దున ఒక గుడ్డు, మధ్యాహ్నం ఒక గిన్నె పెరుగు, ఒక చిన్న గుప్పెడు వేరుశనగలు. 50 గ్రాములు దాటుతుంది. డబ్బా పౌడరు అక్కరలేదు. అన్నం, పప్పు కలిపి తినడంలో మన అమ్మమ్మల తెలివి కూడా ఉంది. బియ్యం ప్రోటీన్‌లో లైసిన్ తక్కువ, పప్పులో అది ఎక్కువ. పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంది. ఒకదాని లోటు ఒకటి పూడుస్తుంది. పప్పుతో పాటు పీచు వస్తుంది, అది చక్కెరను రక్తంలోకి నెమ్మదిగా వదులుతుంది. కొలెస్ట్రాల్‌ను కూడా కొంత తగ్గిస్తుంది. వేరుశనగలు మంచివే కానీ వాటిలో నూనె ఎక్కువ. బరువు తగ్గాలనుకునేవాళ్ళు గుప్పెడు అంటే గుప్పెడే తినాలి, టీవీ ముందు పొట్లం పెట్టుకోకూడదు.

చిరుధాన్యాల గురించి చాలామంది అడుగుతున్నారు. 2025లో అదే వైద్య పరిశోధన మండలి సర్వే నుంచి మరో వ్యాసం వచ్చింది. మన శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని అందులో తేలింది. తెల్ల బియ్యం మాని అంతే పరిమాణంలో రాగి పిండో గోధుమ పిండో తిన్నవాళ్ళకు మధుమేహం ముప్పు తక్కువగా ఏమీ కనబడలేదు. పిండిపదార్థాల నుంచి వచ్చే శక్తిలో 5 శాతం తీసేసి, ఆ చోటు పప్పుల ప్రోటీన్‌కో, పాల ప్రోటీన్‌కో, గుడ్డుకో, చేపకో ఇచ్చిన లెక్కలోనే ముప్పు తక్కువగా ఉంది. రాగి మంచిదే. మా ఇళ్ళలోనూ సంగటి ఉంటుంది. కానీ మూడు ముద్దలు మింగి "నేను రాగి తింటున్నా, నాకు షుగర్ రాదు" అంటే రాగి కూడా బాధపడుతుంది.

ఇక్కడ కొందరికి అనుమానం వస్తుంది, రావాలి కూడా. "వీళ్ళు మమ్మల్ని శాకాహారులు కమ్మంటున్నారా?" లేదు. ఈ మాట గట్టిగానే చెప్తాం. ఈ దేశంలో పప్పు గొప్పది, మాంసం హీనం అనే మాట వెనక ఎవరి కులం ఉందో మనకు తెలుసు. పెద్దకూర తిన్నందుకు అద్దె ఇల్లు ఇవ్వనివాళ్ళను చూశాం. 2015లో మహారాష్ట్ర చట్ట సవరణ, 2021లో అమల్లోకి వచ్చిన కర్ణాటక చట్టం పేదవాడి పళ్ళెంలోంచి చవకైన ప్రోటీన్‌ను తీసుకుపోయాయి. తీసుకున్నంత తిరిగి పప్పుగా ఎవరూ పెట్టలేదు. ఆ ఖాళీ స్థలంలోకే ఇంకో గరిటె అన్నం వచ్చింది. మన పిల్లలకు బడిలో గుడ్డు పెట్టొద్దని అడ్డుపడేవాళ్ళతో మేము చేతులు కలపం.

దానియేలు కథను కూడా అలా వాడకూడదు. మొదటి అధ్యాయంలో ఆ నలుగురు కుర్రాళ్ళు శాకధాన్యాదులు, నీళ్ళు అడిగి పది రోజులు పరీక్ష చేయమన్నారు. కొందరు దీన్ని బరువు తగ్గే పథకంగా బోధిస్తున్నారు. వాళ్ళు వద్దన్నది తమ జాతిని చెరపట్టిన రాజు బల్లను. చెరలో ఉన్న కుర్రాళ్ళు తమ నోట్లోకి ఏది పోవాలో తామే తేల్చుకున్నారు. అది మనకు కావలసిన పాఠం. మన పళ్ళెం మీద నిర్ణయం కంపెనీ ప్రకటనదీ కాకూడదు, గోరక్షకుడిదీ కాకూడదు.

అలాగని ఆరోగ్యం సంగతిలో కళ్ళు మూసుకోలేం. కొవ్వు ఎక్కువున్న మాంసం, నూనెలో వేయించిన చికెన్ వారానికి నాలుగు రోజులు తింటే గుండెకు మంచిది కాదు. పప్పులో ఆ కొవ్వు లేదు, పీచు అదనం. అందుకే రోజువారీ ప్రోటీన్ పప్పు, గింజలు కావాలి. గుడ్డు, చేప వాటి పక్కన ఉండాలి. మాంసం ఆదివారం మాట. ఇది పవిత్రత లెక్క కాదు, జేబు లెక్క, రక్తనాళాల లెక్క.

మనం ఉన్న ఊళ్ళే దీనికి వంటలు నేర్పాయి. తమిళనాడులో సముద్రపు ఒడ్డున అమ్మే సుండల్ కంటే మంచి సాయంత్రపు తిండి ఏముంది? కర్ణాటకలో పెసరపప్పు కోసంబరి, హురుళి సారు ఉన్నాయి. హురుళి అంటే మన ఉలవలే. మహారాష్ట్రలో మొలకెత్తిన మట్కీ ఉసళ్ ఉంది. షోలాపూరు వేరుశనగ చట్నీ పేరు వినని వాళ్ళు లేరు. ఒడిశా దాల్మా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పప్పు, గుమ్మడి, అరటికాయ, వంకాయ, ములక్కాడ అన్నీ ఒకే గిన్నెలో ఉడుకుతాయి, నూనె చివర్లో పోపుకు మాత్రమే. పనికి పోయే తల్లికి ఒక పొయ్యి, ఒక గిన్నె, అరగంట. బరంపురం నుంచి వచ్చిన అక్కలు ఈ ఉదయం వంటింట్లో ఏం చేశారో కాసేపట్లో చూస్తారు.

పప్పు తింటే గ్యాస్ అంటారు. రాత్రి నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి బాగా ఉడికించండి. ఒక్కసారిగా కాక వారం వారం కొంచెం పెంచండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు. యూరిక్ యాసిడ్ కోసం మందులు వాడేవాళ్ళూ ఒకసారి అడగండి.

ఉపవాసం గురించి తప్పించుకుంటే మొదట చెప్పిన ఆ అన్నకు మళ్ళీ అన్యాయం చేసినవాళ్ళం అవుతాం. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, షుగర్ తగ్గించే కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్ళు ఏమీ తినకుండా ఉంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం, స్పృహ తప్పడం. దాన్ని ఆత్మ ఆవేశమని పొరబడిన సందర్భం కూడా మేము చూశాం. మాత్ర మానేసి ఉపవాసం ఉంటే షుగర్ పైకి పోతుంది. రెండూ ప్రమాదమే. శ్రమదినాలు మొదలవకముందే డాక్టరు దగ్గరికి వెళ్ళి "నేను ఉపవాసం ఉండాలనుకుంటున్నా, మందు ఎలా సర్దాలి" అని అడగండి. వద్దంటే టీవీ మానండి, ఫోను మానండి, కోపం మానండి. పాస్టరు అన్నలు, పాస్టరమ్మలు వేదిక మీద నుంచి ఈ మాట ఒక్కసారి చెప్తే మేము వంద ఇళ్ళు తిరిగినంత పని అవుతుంది. తిండి మారి, బరువు తగ్గాక నిజంగానే మందు తగ్గించాల్సి రావచ్చు. అది పరీక్ష చూసి డాక్టరు చేసే పని. అప్పుడు సాక్ష్యం చెప్పండి, రిపోర్టు చేత్తో పట్టుకుని చెప్పండి. మేమే ముందు చప్పట్లు కొడతాం.

ఇక కదలిక. అమెరికాలో 3,234 మందితో చేసిన ఒక పెద్ద ప్రయోగ ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్న గుంపులో మధుమేహం 58 శాతం తగ్గింది. అది అమెరికా కదా అంటారు. చెన్నైలో రామచంద్రన్ అనే డాక్టరు బృందం మధుమేహం గడప మీద ఉన్న 531 మందిని మూడేళ్ళు చూసి 2006లో ఫలితాలు చెప్పింది. మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో వందకు 55 మందికి జబ్బు వచ్చింది. తిండి మార్చి, రోజూ నడిచినవాళ్ళలో 39 మందికి వచ్చింది. విశేషం ఏమిటంటే, ఆ నడిచినవాళ్ళ బరువు పెద్దగా తగ్గలేదు! తూకం ముల్లు కదలకపోయినా ఒంట్లో మేలు జరిగింది. నెల రోజులు నడిచి "ఒక్క కిలో కూడా తగ్గలేదు, వేస్ట్" అని మానేసిన అక్కలందరికీ ఈ మాట.

అయితే "పొద్దున్నే లేచి పార్కులో నడవండి" అని చెప్పడం మాకు సిగ్గుగా ఉంటుంది. బెంగళూరులో తెల్లవారుజామున చీపురు పట్టే మన అక్కచెల్లెళ్ళు మనం నిద్ర లేచేసరికి కిలోమీటర్లు ఊడ్చి ఉంటారు. ఒకామె మమ్మల్ని నిలదీసింది: "నేను ఊడ్చిన రోడ్డు మీద నడిచేవాళ్ళకు చెప్పండమ్మా, నాకెందుకు?" ఆమెకు నడక కాదు కావాల్సింది. పని మధ్యలో కూర్చుని తినే చోటు, మరుగుదొడ్డి, చక్కెర టీ బదులు గుడ్డు, శనగలు ఉన్న పొద్దుటి తిండి, నడుము, భుజాలు సాగదీసుకునే పది నిమిషాలు. అది సంఘటితంగా అడగాల్సిన విషయం. డెలివరీ బండి మీద పన్నెండు గంటలు కూర్చునే తమ్ముడి అవసరం వేరు. ఒకే గదిలో ఐదుగురు ఉండే ఇంట్లో కోడలు సాయంత్రం నడవడానికి బయలుదేరితే ఎక్కడికని అడిగేవాళ్ళు నలుగురు ఉంటారు.

అందుకే మేము చర్చి గేటు గురించి మాట్లాడుతున్నాం. వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండే ఆవరణ మనకు ప్రతి ఊళ్ళో ఉంది. గోడ ఉంది, లైటు ఉంది, తెలిసిన మనుషులు ఉన్నారు. సాయంత్రం 7 నుంచి 8 దాకా గేటు తెరిస్తే ఆడవాళ్ళు భయం లేకుండా నడుస్తారు. రెండు చోట్ల ఇది మొదలైంది. ఒకచోట పెద్దలు ముందు ఒప్పుకోలేదు, దేవుని స్థలంలో చుడీదార్లు వేసుకుని తిరగడమేమిటన్నారు. ఇప్పుడు అదే పెద్దలు చెప్పులు వదిలి బూట్లు కొనుక్కున్నారు.

ఎంత చేయాలంటే, వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో నడవాలి. ప్రతి భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాలు నడిస్తే చక్కెర పెరిగే సమయానికే కండ దాన్ని లాక్కుంటుంది. నడక ఒక్కటే చాలదు. వారానికి రెండు రోజులు కండకు బరువు పని కావాలి. జిమ్ అక్కరలేదు. కుర్చీలోంచి చేతులు ఆనకుండా పది సార్లు లేచి కూర్చోండి. గోడకు చేతులు ఆనించి ఒంటిని వెనక్కి, ముందుకు తోయండి. నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టి పైకి ఎత్తండి. నలభై దాటినవాళ్ళకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే తిండి తగ్గించి కండకు పని ఇవ్వకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, నడిస్తే ఛాతీ పట్టేసేవాళ్ళు ముందు పరీక్ష చేయించుకోవాలి.

జిమ్‌కు వెళ్ళే తమ్ముళ్ళూ, మీతో ఒక్క మాట. మీ నాన్న వారం జీతం ఒక పౌడరు డబ్బా. జాతీయ పోషకాహార సంస్థ అలాంటి డబ్బాలు వాడొద్దనే చెప్పింది. 50 గ్రాముల మీల్ మేకర్‌లో 25 గ్రాముల ప్రోటీన్ ఉంది, ధర మీకే తెలుసు. ఆ డబ్బా డబ్బుతో మీ ఇంటికి నెలంతా పప్పు, గుడ్లు వస్తాయి. మీ అమ్మ కూడా తింటుంది. మీ అమ్మ పళ్ళెంలోకి ఎప్పుడైనా తొంగి చూశారా? అందరూ తిన్నాక మిగిలిన అన్నం, గిన్నె అడుగున చారు. పప్పు మీ పళ్ళెంలోకి వచ్చేసింది.

చాలా సేపు మాట్లాడాం. ఈ రోజు భోజనం సంగతి చెప్పి దిగిపోతాం. బిర్యానీ ఉంది, భయపడకండి. కాకపోతే వడ్డన వరుస మార్చాం. ముందు కోసంబరి, తర్వాత దాల్మా, చివర బిర్యానీ. కూల్‌డ్రింకు లేదు, మజ్జిగ ఉంది. వడ్డించే తమ్ముళ్ళు ముందు ఆడవాళ్ళ వరుసకు వడ్డిస్తారు. తిన్నాక ఆవరణ చుట్టూ నాలుగు చుట్లు నడుద్దాం, పెద్దలు ఓపిక ఉన్నంత. గేటు దగ్గర బల్ల మీద టేపు, బీపీ మిషను పెట్టాం. నడుము కొలిచి కాగితం మీద రాసి మీకే ఇస్తారు, ఎవరికీ చూపించరు. షుగర్ పరీక్ష రేపు పొద్దున 7 గంటలకు, ఏమీ తినకుండా రండి. మాత్రలు వేసుకునేవాళ్ళు తమ చీటీలు తెచ్చుకోండి, ఆ పూట మాత్ర మాత్రం టిఫిన్‌తోనే వేసుకోండి. ఇన్సులిన్ వాళ్ళు ఈ రాత్రే మా నర్సు అక్కతో ఒకసారి మాట్లాడి వెళ్ళండి.